ముక్కల్లో మనిషి

రైల్వే స్టేషన్లు కొత్త రూపు దిద్దుకుంటున్నాయి. వాటి గోడలెక్కాల్సింది గుళ్లూ గోపురాలేనా? పగిలిన పలకలతో మనిషి లోపలి సంగతి చెప్పే మొజాయిక్ కళకు బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊరిని మించిన చోటు లేదు.

తెలుగువారికి మొజాయిక్ అంటే కాళ్ల కింది వ్యవహారం. 1970, 80 దశకాల్లో ఇల్లు కట్టుకున్న మధ్య తరగతికి మొజాయిక్ గచ్చు ఒక హోదా. నాపరాళ్లు పరిచిన ఇంటికి, మొజాయిక్ చేయించిన ఇంటికి మధ్య సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు కూడా తేడా కనిపించేది. డాబా మీద ఎండ వేడి తగ్గడానికి తెల్ల పలకల ముక్కలు పరిచే పనిని మేస్త్రీలు నేటికీ చైనా మొజాయిక్ అనే పిలుస్తారు. ఇలా గచ్చుకో, డాబాకో పరిమితమైన పని గోడెక్కి మనిషి ముఖమవుతుందని, ఆ ముఖంలో దిగులూ భయమూ పలుకుతాయని చెబితే నమ్మేవారు తక్కువ.

నమ్మించడానికి కావలసిన సరుకు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌నే తీసుకోండి. నగరం పెరిగే కొద్దీ మోప్కా లాంటి శివార్లలో పొలాల స్థానంలో ప్లాట్లు, ప్లాట్ల స్థానంలో ఇళ్లు లేస్తున్నాయి. ఇల్లు లేచిన చోటల్లా కోత యంత్రం కింద విరిగిన టైల్స్ ముక్కలు పోగుపడతాయి. చివరికి అవి చేరేది రోడ్డు గుంతల్లోకే. ముడిసరుకుకు కొదవ లేదు. బొమ్మ కట్టాల్సిన మనుషులకూ కొదవ లేదు. ఎందుకంటే బిలాస్‌పూర్ అనే ఊరే ఎక్కడెక్కడి ముక్కలనో తెచ్చి అతికించిన బొమ్మ.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరి తలరాత మార్చింది. పట్టాలతోపాటే బెంగాలీలు, ఒడియాలు, మరాఠీలు, తెలుగువారు వచ్చారు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వచ్చి గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా చేరినవారి మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఇక్కడున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ వీరి దినచర్య. బిలాస్‌పూర్ ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రం. ఆందోళనలు చేసి సాధించుకున్న జోన్ అది. బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు ఈ పట్టాల మీదుగానే దేశమంతటికీ వెళ్తాయి. ఆ పట్టాలను వేసి, కాపాడిన చేతులు మాత్రం ఏ గోడ మీదా కనిపించవు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద దేశంలో వెయ్యికిపైగా స్టేషన్లకు కొత్త హంగులు కల్పించే పని మొదలైంది. బిలాస్‌పూర్ కూడా ఆ జాబితాలో ఉంది. కొత్త స్టేషన్ అంటే కొత్త గోడలు. వాటి మీద ఏం ఉండాలన్నది పైకి అలంకరణకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అది రాజకీయ ప్రశ్న. ప్రభుత్వం ఎవరి ముఖాన్ని జనం ముఖంగా గుర్తిస్తుందన్నది ఇందులోనే తేలుతుంది.

సందులోనే ప్రాణం

రంగుతో వేసే బొమ్మకు, ముక్కలతో కూర్చే బొమ్మకు ఒక మౌలికమైన తేడా ఉంది. చిత్రకారుడు కుంచెతో ఒక రంగును మరో రంగులో కలిపేయగలడు. మొజాయిక్ చేసేవారికి ఆ వీల్లేదు. ఎర్ర ముక్క ఎర్రగానే, నల్ల ముక్క నల్లగానే ఉంటుంది. వాటిని కలపాల్సింది చూసేవారి కన్ను. దగ్గరికెళ్తే పెంకుల పోగు. పది అడుగులు వెనక్కి వేస్తే ముఖం. మనుషుల విషయంలోనూ అంతేగా. మరీ దగ్గరుంటే అర్థం కారు, మరీ దూరమైతే కనిపించరు.

ముఖానికి భావం వచ్చేది ముక్కల రంగు వల్ల మాత్రమే కాదు. అవి నడిచే వరుస వల్ల కూడా. చెంప మీద ముక్కల వరుసలు గుండ్రంగా తిరిగితే ముఖం నిండుగా, శాంతంగా కనిపిస్తుంది. అవే వరుసలు కంటి కొస నుంచి కిందికి జారితే అలసట కనిపిస్తుంది. నుదుటి మీద వరుస తప్పి అడ్డదిడ్డంగా పడితే కలవరం. ముక్కకూ ముక్కకూ మధ్య వదిలే సందు కూడా మాట్లాడుతుంది. సందు సన్నగా ఉంటే నిబ్బరం, వెడల్పైతే ఈ మనిషి ఎక్కడో చెదిరిపోతున్నాడన్న అనుమానం. ఆధునిక మొజాయిక్ కళాకారుల్లో చాలామంది ఈ సందులను దాచడం మానేసి, వాటితోనే కథ చెప్పడం మొదలుపెట్టారు. అతుకు కనిపించకుండా చేయడం గచ్చు పని. అతుకు కనిపించేలా చేయడం బొమ్మ పని.

ఈ రహస్యం కొత్తది కాదు. ఇటలీలోని రావెన్నాలో ఆరో శతాబ్దంలో కట్టిన సాన్ విటాలే చర్చిలో చక్రవర్తి జస్టీనియన్, రాణి థియోడోరా మొజాయిక్‌లున్నాయి. గాజు ముక్కలను ఒకే మట్టంగా కాకుండా కొంచెం వాలుగా, రకరకాల కోణాల్లో అమర్చారు. అందుకే దీపం కదిలినప్పుడల్లా, మనిషి నడిచినప్పుడల్లా గోడ మిలమిలలాడుతుంది. అంత వైభవం మధ్య థియోడోరా పెద్ద కళ్లు మాత్రం నిశ్చలంగా చూస్తుంటాయి. ఎలుగుబంట్లను సాకేవాడి కూతురిగా పుట్టి, రంగస్థలం మీద ఆడి, సామ్రాజ్ఞి అయిన స్త్రీ ఆమె. ఆ చూపులో అధికారం ఉందా, అలసట ఉందా అన్నది పద్నాలుగు వందల ఏళ్లకు పైగా చూసేవారికే వదిలేసిన ప్రశ్న.

తాలా నేర్పే పాఠం

అంత దూరం పోనక్కర్లేదు. బిలాస్‌పూర్‌కు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, మనియారీ నది ఒడ్డున తాలా ఉంది. అక్కడి దేవరాణీ జేఠానీ గుళ్ల దగ్గర 1980ల చివర్లో మట్టి తొలగిస్తుండగా ఒక విగ్రహం బయటపడింది. తొమ్మిదడుగులకు దగ్గరగా ఉన్న ఆ రాతి మూర్తిని రుద్రశివుడని పిలుస్తున్నారు. అసలు అది ఎవరి మూర్తి అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కారణం దాని ఒళ్లే. తలకు పాముల తలపాగా. ముక్కు బల్లి. మీసాలు చేపలు. గడ్డం పీత. చెవులు నెమళ్లు. ఛాతీ మీద, పొట్ట మీద, తొడల మీద మనిషి ముఖాలు. మోకాళ్ల దగ్గర సింహం తలలు.

రాతిలో చెక్కినదే అయినా దాని ఆలోచన మాత్రం అచ్చంగా మొజాయిక్‌ది. మనిషి ఒకే ముద్ద కాదని, లోపల ఎన్నో ప్రాణాలు, ఎన్నో స్వభావాలు ఒకచోట సర్దుకుని ఉంటాయని ఆరో శతాబ్దానికి అటూ ఇటూగా ఈ ప్రాంతపు శిల్పి ఎవరో చెప్పాడు. పొట్ట మీది ముఖం ఒకలా ఉంటుంది, తొడ మీది ముఖం మరోలా ఉంటుంది. మనసుకు ఒకే ముఖం ఉంటుందనుకోవడం తరవాత వచ్చిన అమాయకత్వమే.

ఉత్తరాన సర్గుజా జిల్లా నుంచి మరో ఉదాహరణ. పుహ్‌పుత్రా గ్రామానికి చెందిన సోనాబాయి రజ్వార్ పెళ్లయ్యాక ఏళ్ల తరబడి ఇల్లు దాటి బయటికి రాలేదు. భర్త బయటికి పంపలేదు. బిడ్డకు ఆడుకోవడానికి బొమ్మల్లేవు, ఆమెకు మాట్లాడుకోవడానికి మనుషుల్లేరు. దాంతో మట్టితో మనుషులను, పిట్టలను, కిటికీ జాలీలను చేసి ఇల్లంతా నింపింది. 1980లలో భోపాల్ భారత్ భవన్ కోసం జానపద కళలను వెతుకుతూ వెళ్లినవారి కంట పడే దాకా లోకానికి ఆమె తెలియదు. తరవాత పురస్కారాలు వచ్చాయి, విదేశాలు పిలిచాయి. 2007లో ఆమె మరణించింది. ఆమె చేసినవి పలకల బొమ్మలు కావు. కానీ ఒంటరితనానికి కాళ్లూ చేతులూ తొడిగి గోడకు నిలబెట్టవచ్చని ఆమె ఇల్లు రుజువు చేసింది. లోపలి భావాన్ని మనిషి బొమ్మగా మార్చే విద్య ఈ నేలకు కొత్త కాదని చెప్పడానికి తాలా, పుహ్‌పుత్రా చాలు.

నవ్వే బొమ్మలు, నడిచే మనుషులు

రైల్వేకు, మొజాయిక్‌కు పాత బంధుత్వం ఉంది. దుమ్ము, తేమ, రైళ్ల అదురు, పాన్ ఉమ్ము, వీటన్నిటినీ ఏ రంగూ తట్టుకోలేదు. బట్టీలో కాల్చిన పలకకు రంగు పైపూత కాదు, ఒంట్లోనే ఉంటుంది. నీళ్లు కొట్టి తుడిస్తే చాలు. అందుకే ప్రపంచంలో పెద్ద నగరాలు తమ స్టేషన్లకు ఈ కళను ఎంచుకున్నాయి. అయితే దానితో ఏం చెప్పాయన్న దగ్గరే దారులు చీలాయి.

మాస్కోలో మయకోవ్‌స్కాయా మెట్రో స్టేషన్ 1938లో మొదలైంది. దాని పైకప్పులో చిత్రకారుడు అలెగ్జాండర్ దైనేకా మొజాయిక్‌లున్నాయి. సోవియట్ దేశంలో ఒక రోజు అన్నది ఇతివృత్తం. విమానాలు ఎగురుతుంటాయి, క్రీడాకారులు దూకుతుంటారు, పంటలు పండుతుంటాయి. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ అవి తయారైన రోజుల్లోనే స్టాలిన్ పోలీసులు అర్ధరాత్రి తలుపులు కొడుతున్నారు. పైకప్పులో ఒక్క ముఖంలోనూ ఆ భయం లేదు. ప్రభుత్వం కొలువు చేసే కళకు ఉండే జబ్బు ఇదే. దానికి జనం కావాలి కానీ జనం మనసులో ఏముందో అక్కర్లేదు.

న్యూయార్క్‌లో ఎన్నో దశాబ్దాల నిరీక్షణ తరవాత 2017 జనవరి 1న సెకండ్ అవెన్యూ సబ్‌వే మొదలైంది. అక్కడి 72వ వీధి స్టేషన్‌లో బ్రెజిల్‌లో పుట్టిన కళాకారుడు విక్ మునిజ్ ముప్పైమందికి పైగా మనుషులను నిలువెత్తు మొజాయిక్ బొమ్మలుగా గోడలకెక్కించాడు. వారిలో నాయకుల్లేరు, వీరుల్లేరు. రైలు కోసం ఎదురుచూసే మామూలు ప్రయాణికులే. ఒకాయన కాగితాలు ఎగిరిపోతుంటే వెంటపడుతున్నాడు. ఇద్దరు మగవాళ్లు చేతిలో చేయి వేసుకుని నిలబడ్డారు. విసుగు, తొందర, ప్రేమ, పరధ్యానం, స్టేషన్‌లో కనిపించే భావాలన్నీ ఆ గోడ మీద ఉన్నాయి. ప్రయాణికుడు వారిలో తనను చూసుకుంటాడు. మాస్కో బొమ్మలు మనిషిని తలెత్తి చూడమంటాయి. న్యూయార్క్ బొమ్మలు పక్కన నిలబడమంటాయి. ప్రజాస్వామ్యానికి సరిపోయేది రెండోదే.

మన స్టేషన్ల గోడలు ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఆగిపోయాయి. గత దశాబ్దంలో రైల్వేలు స్థానిక కళలతో స్టేషన్లను అలంకరించడం మొదలుపెట్టాయి. మంచి పనే. 2017లో బీహార్‌లోని మధుబని స్టేషన్ గోడలన్నీ అక్కడి చిత్రకారులు రంగులతో నింపేశారు. ఆ స్టేషన్‌కు పేరొచ్చింది. కళాకారులు చేసింది మాత్రం శ్రమదానం. రైలు పట్టాలకు, సిమెంటుకు, గ్రానైట్‌కు టెండర్లు ఉన్న దేశంలో బొమ్మకు మాత్రం దానం కావలసి వచ్చింది. ఇక ఇతివృత్తాల సంగతి. చాలా చోట్ల గోడ మీద గుడి, జలపాతం, కొమ్ముల తలపాగాతో డోలు వాయించే ఆదివాసీ. ఆ ఆదివాసీ ఎప్పుడూ నాట్యమే చేస్తుంటాడు. ప్లాట్‌ఫారం మీద మూట తల కింద పెట్టుకుని వలస బండి కోసం చూసే ఆదివాసీకి గోడ మీద చోటు లేదు.

చెత్తలోంచి సేన

ముక్కలతో మనుషులను చేయడంలో దేశంలో అందరికన్నా పెద్ద సాహసం చేసినవాడు నెక్‌చంద్. 1924లో, ఇప్పటి పాకిస్థాన్‌లోని పల్లెలో పుట్టి, విభజనలో ఊరు పోగొట్టుకుని వచ్చాడు. చండీగఢ్‌లో ప్రజా పనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్. లె కార్బూజియే ప్లాన్ ప్రకారం కొత్త నగరం లేస్తుంటే, దానికోసం ఖాళీ చేయించిన పల్లెల శిథిలాలను, పగిలిన పింగాణీని, విరిగిన గాజులను సైకిల్ మీద మోసుకెళ్లి సుఖ్నా సరస్సు దగ్గరి ప్రభుత్వ అడవిలో దాచాడు. 1950ల చివర మొదలుపెట్టి ఏళ్ల తరబడి రహస్యంగా మనుషులను చేస్తూ పోయాడు. సిమెంటు ఒంటికి గాజు ముక్కల చీర, పింగాణీ ముక్కల చొక్కా. వందలు, వేలుగా వరుసల్లో నిలబడ్డ ఆ బొమ్మల ముఖాల్లో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్లుంటాయి. విభజన రోజుల్లో రైళ్ల కోసం, తిండి కోసం, తమవారి కోసం వరుసల్లో నిలబడ్డ జనం గుర్తుకురాకుండా వాటిని చూడడం కష్టం.

చట్టం ప్రకారం అది ఆక్రమణ. అధికారులు 1970లలో కనిపెట్టారు. కూల్చేయకపోవడం వారి గొప్పతనం. 1976లో రాక్ గార్డెన్‌గా తెరిచారు, ఆయనకు జీతమిచ్చి, కూలీలను ఇచ్చి అదే పని చేయమన్నారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. అయినా ప్రమాదం తప్పలేదు. తోటలోంచి రోడ్డు వేయాలని బుల్‌డోజర్లు వస్తే జనం అడ్డం నిలబడ్డారు. 1990లలో ఆయన విదేశాలకు వెళ్లిన సమయంలో దుండగులు బొమ్మలను ధ్వంసం చేశారు. 2015లో ఆయన పోయారు. 2025 మొదట్లో హైకోర్టు వైపు రోడ్డు, పార్కింగ్ అవసరాల పేరిట తోట గోడలో కొంత భాగం కూలింది. నగరవాసుల నిరసన దాన్ని ఆపలేకపోయింది. చెత్తలోంచి మనుషులను చేసిన తోట గోడ మళ్లీ చెత్తగా మారింది.

లండన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో శిల్పి ఎడ్వార్డో పావొలోజీ 1980లలో చేసిన మొజాయిక్‌లను స్టేషన్ విస్తరణలో కదిలించాల్సి వచ్చింది. జనం గొడవ చేశారు. చాలా భాగాన్ని బాగుచేసి నిలబెట్టారు. తీయక తప్పని కొన్ని ముక్కలను ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి అప్పగించారు. తేడా చట్టంలో లేదు. గోడ మీదున్నది ఆస్తి అన్న గుర్తింపులో ఉంది.

మనిషి లేని దుఃఖం

ఈ కళకు తెలుగు నేల మీద ఉన్న గొప్ప ఉదాహరణలో అసలు మనిషి బొమ్మే లేదు. హైదరాబాద్ పాతబస్తీలో, పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ అషుర్ఖానా ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టిన కొద్ది కాలానికే, 1590లలో దీన్ని కట్టించాడు. గోడలకు ఎనామిల్ పలకలను కత్తిరించి చేసిన అలంకారం 1611 నాటికి పూర్తయింది. కర్బలా యుద్ధంలో అమరులైన వారిని తలచుకుని దుఃఖించే చోటు ఇది. పీరు గుర్తులు, తీగలు, షడ్భుజాలు, మంటల్లా లేచే ఆకారాలు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ముఖం లేదు, కన్ను లేదు, కన్నీరు లేదు. అయినా మొహర్రం రోజుల్లో దీపాల వెలుగులో ఆ గోడ ముందు నిలబడ్డవారికి అక్కడున్నది అలంకారం అనిపించదు.

1908 మూసీ వరద కింది భాగపు పలకలను దెబ్బతీసింది. ఆ చోట రంగు వేసి సరిపెట్టారు. పాత పలకకు, కొత్త రంగుకు తేడా దూరం నుంచే తెలుస్తుంది. వరద గుర్తు కూడా ఇప్పుడు ఆ దుఃఖంలో భాగమే. లోపలి భావం చెప్పడానికి ముఖం తప్పనిసరి కాదని, ముక్కల కూర్పులోనే అది పలుకుతుందని ఈ గోడ నాలుగు శతాబ్దాలుగా చెబుతోంది. మనిషి బొమ్మ వేసేవారికి ఇది మరీ అవసరమైన పాఠం. కన్నీటి బొట్టు అతికించినంత మాత్రాన బొమ్మ ఏడవదు.

తీరని బాకీ

ఇక బిలాస్‌పూర్ సంగతి. ఈ స్టేషన్ గోడ మీద ఒక మనిషి లోపలి బాధ ఇప్పటికే నమోదై ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 'ఫాకి' అనే కవిత కథ బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే నడుస్తుంది. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న ఒక భర్త ఇక్కడ రైలు మారడానికి గంటల తరబడి ఆగుతాడు. రుక్మిణి అనే రైల్వే కూలీ భార్య తన కూతురి పెళ్లికి పాతిక రూపాయలు లేవని చెప్పుకుంటే, ఇవ్వమని భార్య అడుగుతుంది. అతను ఇచ్చానని నమ్మించి, రెండు రూపాయలతో సరిపెడతాడు. కొన్నాళ్లకు భార్య పోతుంది. అబద్ధం దిద్దుకుందామని బిలాస్‌పూర్‌కు తిరిగొస్తే రుక్మిణి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఈ కవితను స్టేషన్‌లో ఫలకంగా పెట్టారు.

ఆ ఫలకం మీద కవి పేరుంది, కవితా ఉంది. రుక్మిణి ముఖం మాత్రం లేదు. రేపటి స్టేషన్ గోడలకు ఇంతకన్నా మంచి ఇతివృత్తం వెతకాల్సిన పని లేదు. చేయి చాచి, సిగ్గుపడి, నమ్మిన ఒక కూలీ స్త్రీ. ఆమె పక్కన సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచే శ్రీకాకుళం గ్యాంగ్‌మన్. బొగ్గు మసి తుడుచుకుంటున్న ఒడియా ఫైర్‌మన్. పంజాబ్ ఇటుక బట్టీలకు వెళ్లే బండి కోసం పిల్లలతో కూర్చున్న ఛత్తీస్‌గఢ్ కుటుంబం. వీరెవరూ నాట్యం చేయనక్కర్లేదు. నవ్వనక్కర్లేదు కూడా.

దీనికి కావలసినవి మూడే. ఒకటి, గోడ కట్టే ముందే బొమ్మకు చోటు కేటాయించడం. కట్టాక అతికించే బొమ్మ ప్రకటనల బోర్డు వచ్చిన రోజే పోతుంది. రెండు, కళాకారులకు, వారి దగ్గర పలకలు కోసే కూలీలకు మేస్త్రీ పనికి ఇచ్చినట్లే కూలి ఇవ్వడం. శ్రమదానం అన్న మాటను ఈ లెక్కల్లోంచి తీసేయాలి. మూడు, ఎవరి బొమ్మ పెట్టాలో రైల్వే కాలనీల్లో, మోప్కా లాంటి శివార్లలో బతికేవారిని అడగడం. అలా అడిగితే వచ్చే జవాబులో గుడి కూడా ఉండవచ్చు. అభ్యంతరం లేదు. అడగకుండా పెట్టడమే తప్పు.

ఖర్చు గురించి దిగులు అక్కర్లేదు. స్టేషన్‌కు పరిచే గ్రానైట్‌తో పోలిస్తే విరిగిన పలకలు లెక్కలోకి రావు. కష్టం డబ్బుతో కాదు, అలవాటుతో. మెరిసేది, నునుపుగా ఉండేది, అతుకు కనిపించనిదే అభివృద్ధి అన్న అలవాటు. నాలుగు రాష్ట్రాల మనుషులను తెచ్చి అతికించిన రైల్వే ఊరికి అతుకులు దాచుకోవలసిన అవసరం ఏముంది? రుక్మిణికి ఇవ్వాల్సిన పాతిక రూపాయల బాకీ ఇక తీరేది కాదు. గోడ మీద ఆమెకు ఇంత చోటివ్వడం మాత్రం ఇప్పటికీ చేతిలో పనే.